బడి తాళం ఎవురింట్లో ఉండాలి?

(పాకాల దగ్గర మా ఊర్లో, మూతపడిన ప్రాథమిక బడి ముందర పోయిన ఆదివారం సాయంత్రం రిటైర్డ్ టీచరమ్మ మాట్లాడింది. బెంగళూరు, చెన్నైలో ఉండేవాళ్ళు, ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగినారని ఫోన్‌లో రికార్డు చేసింది విని టైప్ చేసినా. తడబాట్లు మాత్రం తీసేసినా, మిగతాదంతా ఆమె అన్నట్టే.)

అందరికీ నమస్కారం. కూర్చోండి నాయనా, కూర్చోండి. వెనక గోడకి ఆనుకోని నిలబడినోళ్ళు కూడా ముందరికి రాండి, చాపలు ఉండాయి. ఈ బడిలో నేను పదకొండేళ్ళు పాఠం చెప్పినా, 1989 నించి ఆరేళ్ళు, మళ్ళీ 2001 నించి ఐదేళ్ళు, అప్పుడూ ఇదే కత, ముందు వరస ఖాళీ, వెనక గోడకి మాత్రం రద్దీ. మీలో సగం మందికి నేను చెవి మెలిపెట్టిన టీచర్నే, అయినా భయపడబాకండి, ఇప్పుడు చేతిలో బెత్తం లేదు, మైకు ఉంది అంతే.

మొదట ఒక మాట అడగాలి. ఈ వరండాలో, అదిగో ఆ కొక్కేనికి, ఒక రైలు పట్టా ముక్క వేలాడతా ఉండేది, గుర్తుందా? మన గంట. పాకాల జంక్షన్లో పాత పట్టాలు మార్చినప్పుడు ఎవురో పెద్దాయన తెచ్చి ఇచ్చినాడంట, నేను వచ్చేటప్పటికే ఉండాది అది. కమ్మితో ఒక్క దెబ్బ కొడితే చెరువు కట్ట మీద గొర్లు కాసేవాడు కూడా తలెత్తి చూసేవాడు. బడి మూసినాక నేను వచ్చి చూస్తే కొక్కెం ఉంది, గంట లేదు. సరే, దాని సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ఒకరి మొహం ఒకరు చూసుకోబాకండి, చివర్లో అన్నా గదా.

ఇప్పుడు అసలు సంగతి. ఈ బిల్డింగు ఖాళీగా ఉండాది. ఎందుకు ఖాళీ అయింది? అడిగితే అందరూ ఒకటే చెప్తారు, గవర్నమెంటు మూసేసింది అని. 2022లో జీవో 117 వచ్చింది, నిజమే, దాంతో మన 3, 4, 5 తరగతుల పిలకాయలు హైస్కూలుకి పోయినారు, ఈడ 1, 2 మిగిలినాయి. ఆఖర్న ఉన్న టీచరు నాకు చెప్పింది, ఒక ఏడు నలుగురు, తర్వాత ఇద్దరు, ఆ ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు, వాళ్ళింట్లో ఒకరికి జ్వరం వస్తే ఇంగ బడికే సెలవు. 2025లో ఆ జీవోని రద్దు చేసినారు గానీ అప్పటికి మన బడికి తాళం పడిపోయింది. అయితే నేను జీవోని తిట్టడానికి రాలా. జీవో రాకముందు నించే పొద్దున ఏడున్నరకి మర్రిమాను కింద వ్యాను ఆగి హారన్ కొడతా ఉండేది గదా, దాంట్లోకి పిలకాయల్ని ఎక్కించింది ఎవురు? టై కట్టి, నీళ్ళ బాటిల్ తగిలించి, టాటా చెప్పింది ఎవురు? మనమే. మా మరిది మనవడ్నే నేను ఆపలేకపోతిని, టీచర్ని అయ్యుండి. అందుకని ఎవుర్నీ ఏమీ అనను.

ఇంగోటి ఉంది, ఇది ఇంకా పెద్దది. అసలు పిలకాయలు యాడుండారు? 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలు అని తేలింది. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలంట. ఇద్దరికంటే ఎక్కువ మంది ఉంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని రూలు పెట్టుకున్న రాష్ట్రం మనది, మళ్ళీ 2024లో ఆ రూలు మనమే తీసేసినాం. నవ్వబాకండి, నిజం. అంటే ఏమైంది, ఒక పక్క బడి ఖాళీ అయ్యింది, ఇంగో పక్క ఇంటి అరుగులు నిండినాయి. పొద్దున ఎనిమిది తర్వాత మన వీధుల్లో ఒకసారి నడిచి చూడండి. అరుగు మీద ఎవురు? అవ్వ. పక్కింటి అరుగు మీద? తాత. వాళ్ళ పిల్లలు బెంగళూరు, చెన్నై, శ్రీసిటీ. పిల్లల పిల్లలు వ్యాన్లో. అవ్వ చేతిలో ఫోన్ ఉంటాది, దాంట్లో మనవడు కనపడతాడు, ఒళ్ళోకి మాత్రం రాడు.

అందుకని మేము కొంతమందిమి కూర్చోని మాట్లాడుకున్నాం, ఈ బడిని ముసలోళ్ళకి అని కాదు, యూత్‌కి అని కాదు, అన్ని వయసులోళ్ళకీ కలిపి ఒక కమ్యూనిటీ సెంటర్ చేస్తే ఎట్లుంటాది అని. ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు లెండి. కేరళలో పంచాయతీలు పగలంతా ముసలోళ్ళు కూర్చునే ఇళ్ళు నడుపుతాయి, పకల్ వీడు అంటారు. జపాన్లో పిల్లలు లేక బడులు మూతపడటం మనకంటే ముందే మొదలైంది, ఆడ విద్యా శాఖే 2010లో మూసిన బడులని కావలసినోళ్ళకి జతచేసే కార్యక్రమం పెట్టింది. అవన్నీ బాగుండాయి. అయితే నాకు దీని మీద నమ్మకం వచ్చింది జపాన్ని చూసి కాదు, ఇదే గదిలో జరిగిన ఒక సంగతి వల్ల.

తొంభైల మొదట్లో మన చిత్తూరు జిల్లాలో అక్షర తపస్మాన్ అని పెద్ద ఉద్యమం నడిచింది, పెద్దోళ్ళకి గుర్తుంటాది. తపసుమాను అంటే చెప్పాల్సిన పనేముంది, భారతం జరిగేటప్పుడు అర్జునుడి వేషగాడు ఎక్కే ఆ నిలువెత్తు మాను. అక్షరాన్ని కూడా అంత ఎత్తు తపస్సు మాదిరి చేసినారు. రాత్రి ఏడున్నరకి ఇదే గదిలో లాంతరు పెట్టి ఆడోళ్ళకి క్లాసు. చేలో పని చేసి, సంగటి గెలికి, బిడ్డలకి పెట్టి అప్పుడు వచ్చేవాళ్ళు. ఒక అవ్వ, పేరు ఎందుకులే, వాళ్ళ మనవడు పగలు నా దగ్గర రెండో తరగతి. ఇంట్లో ఒకటే పలక. పగలు వాడిది, రాత్రి ఆమెది. రాత్రి ఆమె రాసింది చెరిపేది కాదు, పలక తీసుకోని పొయ్యి అట్లే వాడి సంచిలో పెట్టేసేది. పొద్దున వాడు బడికొచ్చి పలక తీస్తే అవ్వ రాత ఉంటాది, క క క అని వరసగా, ఒక్కదానికీ తలకట్టు లేదు. వాడు బలపం తీసి వరసగా అన్నిటికీ తలకట్లు పెట్టి, సాయంత్రం అవ్వకి చూపించి, అవ్వా నీ అక్షరాలన్నీ బోడిగుండ్లు అన్నాడంట. ఆమె మర్నాడు రాత్రి క్లాసులో నాకు చెప్పి నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ నెల చివరికి తలకట్టుతో సహా పేరు రాసింది.

నేను టీచర్ని, ట్రైనింగు అయినదాన్ని. తలకట్టు నేను కూడా చెప్పినా, నాలుగు రోజులు చెప్పినా. పట్టలా. మనవడు బోడిగుండు అంటే పట్టింది. అదే పలక, అదే గది, మనుషులు మాత్రం రాత్రికీ పగటికీ మారినారు. ఆ రోజుల్లోనే మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో ఇట్లాంటి రాత్రి బడికి వచ్చిన ఆడోళ్ళే సారా అంగడి మీదికి పోయినారు, అది పెరిగి పెరిగి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం దాకా పోయింది. పగలు పిల్లకాయలకి ఎక్కాలు చెప్పే గదులే గదా అవి కూడా.

సరే, ఇప్పుడు మీరు అడుగుతారు, గుడి ఉంది, రచ్చబండ ఉంది, మండపం ఉంది, మళ్ళీ ఇదెందుకమ్మా అని. పొద్దున ఒకాయన నన్ను అడగనే అడిగినాడు. నేను కొంచెం కటువుగా మాట్లాడతా, ఏమీ అనుకోబాకండి. రచ్చబండ దగ్గరికి ఆడోళ్ళు పోతారా? దారిన పోయేటప్పుడు కూడా కొంగు సర్దుకోని తల వంచుకోని పోతారు. మండపం బాడుగ కట్టినోడిది. గుడి... గుడి దగ్గర ఊరోళ్ళు, కాలనీ వోళ్ళు ఒకే మాదిరి నిలబడతా ఉండారా? నిజం చెప్పండి. చెప్పరులే. ఈ బడిలో మాత్రం ఒకే చాప. 2003లో మధ్యాహ్న భోజనం పెట్టినప్పుడు ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి మావోడు ఇంటికొచ్చి తింటాడు టీచరమ్మా, వాళ్ళ పక్కన కూర్చోడు అన్నాడు. సరే అన్నా. వారం రోజులు పిల్లోడు ఎండలో ఇంటికి పొయ్యి వచ్చినాడు. ఎనిమిదో రోజు సాంబారు వాసనకి నిలబడిపోయినాడు, తొమ్మిదో రోజు ప్లేటు తెచ్చుకున్నాడు. ఆ పిల్లోడు ఇప్పుడు ఈడే ఉండాడు, మీసం తిప్పుకుంటా. నవ్వతా ఉండాడు చూడండి. అందుకే ఈ బిల్డింగు కావాల్సి వచ్చింది. ఊర్లో ప్రతి ఇంటి మనిషీ ఎవుర్నీ అడక్కుండా లోపలికి వచ్చి కూర్చున్న చోటు ఇదొక్కటే.

బిల్డింగు సంగతికి వద్దాం. ఈ రెండు గదులూ వరండా ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్‌లో వచ్చినాయి. 1987లో కేంద్రం పెట్టిన స్కీము, ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు, ఆ ఇద్దర్లో వీలైతే ఒకరు ఆడమనిషి ఉండాలి అని. ఆ వీలైతే ఒకరు నేనే. అప్పుడు కట్టిన గోడలు ఇప్పటికీ గట్టిగానే ఉండాయి. స్లాబు మాత్రం చూసినారు గదా, రెండో గదిలో పెచ్చులు ఊడి కమ్మి బయటికి కనపడతా ఉంది. మన మేస్త్రీ నిచ్చెన వేసుకోని పైకెక్కి చూసి కిందికి వచ్చి నా చేతిలో ఏం పెట్టినాడో తెలుసా? మూడు రబ్బరు బంతులు! వాన నీళ్ళు పోయే గొట్టంలో ఇరుక్కోని ఉండాయి. ఎవురి బంతులో వాళ్ళకే తెలుసు, ఇప్పుడు వాళ్ళ పిల్లలు ఆడే వయసు. గొట్టం మూసుకుపోతే నీళ్ళు పైన నిలబడతాయి, నిలబడిన నీళ్ళు మెల్లిగా స్లాబులోకి దిగతాయి, లోపల కమ్మి తుప్పు పడతాది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బతాది, ఉబ్బి కాంక్రీటుని కిందికి తోస్తాది. మనం కింద నిలబడి పాడు బిల్డింగు, కాంట్రాక్టరు తినేసినాడు అంటాం. తిన్నాడో లేదో నాకు తెలీదు, బంతులు మాత్రం మనవి. దానికి తోడు పిట్టగోడ పగుల్లో రావి మొక్క. దాన్ని నరికితే సరిపోదు, వేరుతో తియ్యాల, లేకపోతే మళ్ళీ వస్తాది. గుల్ల అయిన చోటల్లా సుత్తితో తట్టి చూసి, ఊడేదంతా రాల్చేసి, కమ్మిని వైరు బ్రష్‌తో రుద్ది, మందు పూసి, అప్పుడు మళ్ళీ పూత వెయ్యాల. ఇది మన మేస్త్రీ మాట. అయినా మన మాట చాలదు, పంచాయతీరాజ్ ఇంజినీరు వచ్చి చూసి ఇది మనుషులు కూర్చోవచ్చు అని రాసి ఇచ్చేదాకా రెండో గదిలో ఒక్కరు కూడా అడుగు పెట్టకూడదు. వరండాలో కూర్చుందాం, మొదటి గదిలో కూర్చుందాం. ఎంత అవతాది అని అడగబాకండి, ఎస్టిమేటు రాకుండా నేను అంకె చెప్పను.

మెట్ల కాడ మాత్రం నాకూ మేస్త్రీకీ గొడవ అయింది, అది చెప్పాల. మూడు మెట్లు ఉండాయి, ఒక్కోటి ఆరంగుళాలు, మొత్తం అడుగున్నర ఎత్తు. పక్కన ర్యాంపు వేస్తా, ఆరడుగులు చాలు అన్నాడు. చాలదు నాయనా అన్నా. లెక్క ఏమంటే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాల, అప్పుడే చక్రాల కుర్చీని ఒక్క మనిషి తోసుకోని ఎక్కగలడు, కర్ర పట్టుకున్న ముసలాయన దిగేటప్పుడు జారడు. అంటే మనకి పద్దెనిమిది అడుగులు. అంత పొడవా, వాకిలంతా ఆక్రమిస్తాది గదమ్మా అన్నాడు. వాకిలి ఎవురి కోసం? ఆరడుగుల్లో వేస్తే అది ర్యాంపు కాదు, జారుడుబండ, పిలకాయలు జారతారు, తాత తుంటి ఎముక విరగ్గొట్టుకోని తిరుపతి రుయా ఆసుపత్రిలో పడుకుంటాడు. ఆయన ఊఁ కొట్టినాడు గానీ నమ్మినట్టు లేదు. మర్నాడు వాళ్ళమ్మని తీసుకొచ్చి మెట్ల మీద ఒక చెక్క పలక వాలుగా పెట్టి నడిపించి చూసినాడంట, సాయంత్రం వచ్చి పద్దెనిమిది అన్నాడు. ఇంగేం మాట్లాడలా.

బాత్రూం గురించి రెండే మాటలు. కూర్చునే కమోడ్ ఒకటి ఉండాల, గోడకి పట్టుకునే కమ్మీ ఉండాల. తలుపు బయటికి తెరుచుకోవాల. ఎందుకో చెప్పండి? లోపల పెద్దాయన కళ్ళు తిరిగి తలుపుకి అడ్డంగా పడిపోతే, తలుపు లోపలికి తెరుచుకునేదైతే మనం బయట నించి ఎట్ల తెరుస్తాం? ఎవురింట్లో అయినా ఇదే, పొయ్యి చూసుకోండి.

ఇంగ ఎవురికి ఏ గది అనే పంచాయితీ. సీనియర్ సిటిజన్లకి ఒక గది, పొదుపు సంఘానికి ఒక గది, యూత్‌కి ఒక గది కావాలని పేర్లు రాసిచ్చినారు. ఉండేవి రెండు గదులు, దాంట్లో ఒకటి ఇంజినీరు కోసం కాసుకోని ఉండాది. నేను వద్దంటా ఉండా. గది పంచుకున్నామా, బిల్డింగు ఒకటైనా అందులో మూడు ఇళ్ళు కాపురం పెట్టినట్టే, మూడు తాళాలు పడతాయి. గది పంచుకోవద్దు, పొద్దు పంచుకుందాం. పొద్దున ముసలోళ్ళు పేపర్ చదువుకుంటారు, వారానికి ఒకసారి ఏఎన్ఎం అమ్మని అడిగి బీపీ, షుగర్ చూపించుకుంటారు. తర్వాత అంగన్‌వాడీ పిలకాయలు, ఇప్పుడు ఆ బాడుగ ఇంట్లో కిటికీ కూడా లేని గదిలో ఉండారు గదా, వరండాలోకి రావచ్చు, పర్మిషన్ అడుగుతున్నాం. మధ్యాహ్నం పొదుపు సంఘం, కుట్టు మిషన్లు. సాయంత్రం బడి నించి వచ్చిన పిలకాయలకి హోంవర్కు. రాత్రి కానిస్టేబులు, గ్రూప్స్, డీఎస్సీ అని చదివే పిల్లలు, 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు అంటే మన ఊర్లో ఇద్దరు ముగ్గురు తిరుపతిలో హాస్టల్ తీసుకోని, దానికి అప్పు చేసి చదివినారు, ఈడ ఒక ట్యూబులైటూ నిశ్శబ్దమూ ఉంటే చాలు అన్నారు నాతో. మధ్యమధ్యలో కలుస్తారు గదా, అదే కావాల. అంగన్‌వాడీ పిలకాయలు వచ్చే టైముకి ముసలోళ్ళు లేచి పోరు, ఒక అరగంట కూర్చుంటారు. ఆ అరగంటే నాకు ఈ సెంటర్ అంతా. ఆ అరగంటలో ఏం చెయ్యాలని మాత్రం ఎవురూ ప్రోగ్రాం పెట్టబాకండి. ముసలోళ్ళకీ పిల్లకాయలకీ మనం చెప్పాల్సిన పనిలేదు.

ఇప్పుడు తాళం. నేను అసలు ఈ మాట చెప్పడానికే వచ్చినా.

నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక ఊర్లో, పేరు చెప్పను, బ్రహ్మాండమైన కమ్యూనిటీ హాలు కట్టినారు. టైల్సు, ఫ్యాన్లు, ముందర గ్రిల్లు. ప్రారంభానికి పెద్దపెద్దోళ్ళు వచ్చినారు. సాయంత్రం అందరూ పోతా తాళం ఊర్లో ఒక పెద్దమనిషి చేతిలో పెట్టినారు. చెడ్డోడు కాదు ఆయన, నిజంగా మంచోడే. కానీ తాళం కావాలంటే ఆయన ఇంటికి పోవాల, గేటు దగ్గర నిలబడాల, కుక్క మొరగతాది, లోపల నించి ఎవురది అంటారు, ఏం పని అంటారు. కాలనీలో పిల్లోడు ఆ గేటు దగ్గరికి పొయ్యి, అయ్యా, చదువుకుంటాం తాళం ఇవ్వండి అని అడుగుతాడా? ఆడమనిషి అడుగుతాదా? మొదటి నెల ఇద్దరు ముగ్గురు అడిగినారు. రెండో నెల ఎవురూ అడగలా. ఎవురూ వాడటం లేదు గదా అని ఆయన చెనక్కాయ మూటలు పెట్టినాడు, వానకి తడుస్తాయని. తర్వాత యూరియా. నేను మూడేళ్ళ తర్వాత ఒక మీటింగుకి ఆ హాలుకి పోతే గోడలకి చెదలు, ఫ్యాను రెక్క మీద పిచ్చుక గూడు, ప్రారంభం నాటి రిబ్బను ముక్క ఇంకా గ్రిల్లుకే ఉండాది. ఆ స్లాబు కారలా, గోడ పగల్లా. ఆ హాలు తాళంతోనే చచ్చిపోయింది.

అందుకని మన తాళం ఏ ఇంట్లోనూ రోజంతా ఉండకూడదు. చేతులు మారతా ఉండాల. నేను ఆలోచించింది చెప్తా, బాగాలేకపోతే మార్చుకుందాం. మన ఊర్లో తెల్లారి నాలుగ్గంటలకే లేచి, ఇంట్లో ఎవుర్ని లేపుదామా అని చూసే తాతలు ఎంతమంది ఉండారు? కోడళ్ళు చెయ్యెత్తండి... చూసినారా. బడి తెరిచేది వాళ్ళు. ఆరు గంటలకి తెరవాల. తొమ్మిదిన్నరకి తాళం అంగన్‌వాడీ ఆయమ్మ చేతికి. మధ్యాహ్నం ఆమె దగ్గర నించి పొదుపు సంఘం వాళ్ళకి, ఒక నెల ఊర్లో సంఘం, ఒక నెల కాలనీ సంఘం. సాయంత్రం హోంవర్కు చెప్పించే డిగ్రీ పిల్లలకి. రాత్రి తొమ్మిదిన్నరకి మూసేది చదువుకునే పిల్లలు. మూసి, తాళం పొద్దున తెరిచే తాత ఇంట్లో ఇచ్చి పోవాల. అంటే రోజూ రాత్రి ఇరవై ఏళ్ళ పిల్లోడు డెబ్భై ఏళ్ళ ఆయన తలుపు తట్టాల. ఆయనా మెలకువగానే ఉంటాడు లే, టీవీ ముందర. తాళం ఇప్పుడు ఎవురి దగ్గర ఉందో లోపల నల్లబోర్డు మీద సుద్దతో రాసిపెట్టాల, ఆ బోర్డుని మాత్రం ఎవురూ పీకబాకండి, పెయింట్ వెయ్యబాకండి. కంప్యూటర్ అంటా ఉండారు, అది వస్తే దాని బీరువాకి వేరే తాళం పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు.

పోతే... ఏం నాయనా? గట్టిగా చెప్పు. పెళ్ళిళ్ళకి బాడుగకి ఇస్తే డబ్బులు వస్తాయి గదా అంటా ఉండాడు. వస్తాయి. ఒక పెళ్ళి అంటే మూడు రోజులు. వంటోళ్ళు ముందు రోజు దిగతారు, పెళ్ళి రోజు, తర్వాత రోజు ఇస్తరాకులు, సాంబారు మరకలు ఎవురు కడగాల? ముహూర్తాల నెలలో మన తాతలు, అంగన్‌వాడీ పిలకాయలు యాడికి పోవాల? రెండు సీజన్లు అట్ల గడిస్తే ఇది కల్యాణ మండపం, అంతే, మనం మళ్ళీ అరుగు మీదికి పోతాం. వరండా, వాకిలి కావాలంటే సీమంతానికో, పిల్లోడి పుట్టినరోజుకో ఒక పూట తీసుకోండి, కడిగి ఇవ్వండి. భారతం రిహార్సల్ వాకిట్లో చేసుకోండి, దానికి బాడుగ కూడా వద్దు, నేనే వచ్చి కూర్చుంటా. ఒప్పుకుంటావా? ఒప్పుకోవు, సరే, గ్రామసభలో మాట్లాడు, నీకు హక్కు ఉంది.

గ్రామసభ అంటే గుర్తొచ్చింది. ఇది పంచాయతీ బిల్డింగు కాదు, మండల పరిషత్ బడి, కాబట్టి మనమే తాళం పగలగొట్టి దిగిపోతే అది తప్పు. గ్రామసభలో తీర్మానం, దాని మీద ఎంపీడీవో, ఎంఈవో దగ్గరికి అర్జీ. సెక్రటరీ గారు ఈడే ఉండారు, ఆయన చెప్తారు. రాజ్యాంగం 73వ సవరణ అయినాక పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకి అప్పజెప్పదగిన 29 విషయాలు ఉండాయి, దాంట్లో బడి ఉంది, వయోజన విద్య ఉంది, గ్రంథాలయం ఉంది, ఉమ్మడి ఆస్తుల సంరక్షణ ఉంది, కాబట్టి మనం కాని పని ఏమీ అడగడం లేదు. తీర్మానంలో ఒక వాక్యం మాత్రం తప్పకుండా రాయించాల, నేను పట్టుబడతా. రేపు ఈ ఊర్లో పిలకాయలు పెరిగి, బడి మళ్ళీ తెరవాలంటే, ఆ రోజే మనం గదులు ఖాళీ చేసి ఇస్తాం అని. చిన్న పిల్లకి కిలోమీటరు లోపల బడి ఉండాలని విద్యాహక్కు చట్టం కింద పెట్టిన రూల్సు చెప్తా ఉండాయి. ఇది ముందు బడి, తర్వాతే ఏదైనా.

డబ్బులు. పంచాయతీకి వచ్చే నిధులు ఎంతవరకు దీనికి పెట్టచ్చో సెక్రటరీ గారు చూసి చెప్తానన్నారు. బయట ఊర్లలో ఉండే మన పిల్లలు ఇస్తామన్నారు, సంతోషం, అయితే ఫ్యాను మీద, కుర్చీ వీపు మీద పేర్లు రాయించబాకండి. ఇంగోటి చెప్తా, ఇది ఎవురికీ పట్టదు. మీరు ఇంటిపన్ను కడతారు గదా, దాని మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కూడా కడతా ఉండారు. రసీదు తీసి చూసుకోండి. ఎన్నేళ్ళ నించి కడతా ఉండారు? ఒక్క పుస్తకం అడిగినారా? ఆ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాల. మనం వాళ్ళకి రాద్దాం, ఈడ గది ఉంది, చదివేవాళ్ళు ఉండారు, పుస్తకాలూ పేపర్లూ ఇప్పించండి అని. ఇస్తారా ఇవ్వరా అనేది తర్వాత, అడిగినోళ్ళ లిస్టులో అయితే మన ఊరు ఉండాల.

పొద్దు పోతా ఉంది, దోమలు కూడా వచ్చేసినాయి. వచ్చే ఆదివారం పొద్దున ఆరుకి వాకిలి శుభ్రం చేస్తాం, వేపాకు, ముళ్ళు, ఆ సీసాలు, సీసాలు ఎవురివో అది కూడా అడగనులే. పారలు, చీపుర్లు ఎవురివి వాళ్ళు తెచ్చుకోండి, కాఫీ నేను పెడతా. లోపలికి మాత్రం పోము, తీర్మానం అయ్యేదాకా.

గంట సంగతి చివర్లో అన్నా గదా. నేను 2006లో ఈడ నించి ట్రాన్స్‌ఫర్ అయి పోయే రోజు, గంట కొట్టే ఇనప కమ్మి నా సంచిలో వచ్చేసింది. వచ్చేసింది అంటే, నేనే వేసుకున్నా, ఎందుకో తెలీదు, ఇయ్యాలనే అనిపించలా. ఇన్నేళ్ళూ మా ఇంట్లో కిటికీ పక్కన ఉండాది. అంటే నేను కూడా దొంగనే. అందుకని రైలు పట్టా ముక్క ఎవురి దగ్గర ఉందో వాళ్ళని నేను ఏమీ అనను. ఆదివారం తెల్లారకముందే తెచ్చి మెట్ల మీద పెట్టేసి పోండి. నేను ఆరుకి కమ్మి తీసుకోని వస్తా.